లెక్కలంటే ఇంజినీరింగేనా?

సంపాదకునికి,

మన నెల్లూరు జిల్లాలో ఎంపీసీ చదివితే ఈఏపీసెట్, జేఈఈ తప్ప మరో దారి చెప్పేవారు అరుదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) బెంగళూరు కేంద్రంలో బి.మ్యాథ్ (గణితం), కోల్‌కతాలో బి.స్టాట్ (గణాంక శాస్త్రం) డిగ్రీలు ఉన్నాయి. అక్కడ ఇప్పటివరకు ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్. పక్కనే ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు ఎక్కువే గానీ రాయితీలుంటాయి. అది తెలియక ఫీజు అంకె చూసే తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు.

సీట్లు తక్కువ, పోటీ గట్టిది. జేఈఈ మాక్ టెస్టు మార్కులతో ఈ సంస్థల్లో సీటు అవకాశాలు అంచనా వేయలేం. వీటి ప్రవేశ పరీక్షల్లో నిరూపణలు మెట్టుమెట్టుగా రాయాలి, బిట్ల సాధన చాలదు. పాత ప్రశ్నపత్రాలు ఆయా వెబ్‌సైట్లలో ఉచితమే. దరఖాస్తుల గడువు ముగియక ముందే ప్రభుత్వ జూనియర్ కాలేజీల నోటీసు బోర్డుల్లో ఈ వివరాలు పెట్టించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు, కావలి