ఖాళీగా వదిలేసిన గడి గురించి ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటిదానికి ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని జవాబు వచ్చింది. రెండోదానికి జవాబే లేదు. మూడోది బల్లలన్నీ తిరిగి, నేను ఏ ఆసుపత్రి గురించి రాశానో అక్కడికే చేరింది. వారు దాన్ని చదువుకుని, తమను తామే విచారించుకుని, ‘తల్లీబిడ్డ క్షేమం, సమస్య పరిష్కారమైనది’ అని రాసి ముగించారు. తల్లీబిడ్డ క్షేమమే, అందుకు సంతోషం. నేను అడిగింది మా క్షేమం గురించి కాదు, కాన్పుకు ముందు నాకు చెప్పకుండా వదిలేసిన విషయాల గురించి. ఆ ముక్క మీ కార్యాలయంలో ఎవరికీ ఎక్కలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

కాన్పుకు ముందు ఇస్తామన్న సలహా పత్రం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, మాట ఇచ్చింది మీరే. నొప్పులు రావడానికి మందు పెట్టాలా, రోజు చూసుకుని ముందే సిజేరియన్ చేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండింటి మంచిచెడ్డలూ మా భాషలో ఒక కాగితం మీద ఉంటాయన్నారు. 36వ వారం పరీక్షకు వెళ్లినప్పుడే అది చేతికి వస్తుందన్నారు. నాకు వచ్చిన కాగితం వేరు.

నాకు 41 వారాలు నిండాయి. మొదటి కాన్పు. ఉమ్మనీరు కొంచెం తగ్గిందని, బిడ్డ కాస్త బరువుగానే ఉందని స్కానింగులో రాశారు. రాత్రి తొమ్మిది దాటాక డ్యూటీ డాక్టరు వచ్చి, నిలబడే అడిగారు: “మందు పెట్టి చూడమంటారా, ఆపరేషన్ చేసేయమంటారా?” ఏది మంచిదని నేను అడిగాను. “మీ ఇష్టం” అన్నారు. ఫోను కొనడానికి వెళ్లినా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ చెబుతారు కదా అనిపించింది. మందు పెడితే ఎంతసేపు పడుతుందని అడిగాను. “చూద్దాం” అన్నారు. నా మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ మధ్య ఆయన మూడుసార్లు తలుపు వైపు చూశారు. ఆయనను తప్పుపట్టడం లేదు. ఆ తలుపు అవతల ఇంకా ఎందరున్నారో నాకూ వినిపిస్తూనే ఉంది.

తర్వాత నర్సు అట్ట తెచ్చింది. దానికి దారంతో కట్టిన పెన్ను. కాగితం నకలుకు నకలు, దానికి మళ్లీ నకలు. అక్షరాలు బూజు పట్టినట్టున్నాయి, కింది రెండు వరుసలు సగానికి తెగిపోయాయి. “ఇక్కడొకటి, ఇక్కడొకటి” అని వేలితో చూపించింది. ఒకటి మందుకు, ఒకటి ఆపరేషన్‌కు. రెండూ ఎందుకమ్మా అంటే, “ఏదో ఒకటి అవసరపడుతుంది కదా” అంది. రెండింటికీ సంతకం చేశాను. మంత్రి గారూ, మీ లెక్కల్లో దీన్నే గర్భిణి ఎంపిక అంటున్నారు.

నాకు చెప్పాల్సిన మొదటి విషయం ఏమిటో బిడ్డకు మూడో నెల వచ్చాక తెలిసింది. మందు ఎంత బాగా పనిచేస్తుందన్నది చాలావరకు గర్భసంచి ముఖద్వారం సిద్ధంగా ఉందా లేదా అన్నదాని మీద ఉంటుందట. ఎంత విచ్చుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఏ వైపుకు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అని అయిదు చూసి మార్కులు వేస్తారు. మొత్తం 13. ఎనిమిదీ అంతకు పైన వస్తే మందు పెట్టినా మామూలు కాన్పు అయ్యే అవకాశం నొప్పులు వాటంతట అవి వచ్చినప్పటిలాగే ఉంటుంది. ఆరూ అంతకు తక్కువైతే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి, దానికే గంటలు పడుతుంది. బిషప్ అనే వైద్యుడు ఈ లెక్క 1964లో ఇచ్చారు. కొత్త యంత్రం అక్కర్లేదు, నిధులు మంజూరు కానక్కర్లేదు. గ్లవుజు తొడుక్కున్న రెండు వేళ్లు చాలు.

నా కేసు షీటు నకలు తెప్పించుకున్నాను. రెండు నెలలు పట్టింది, అది వేరే కథ. అందులో ఆ మార్కులకు అచ్చువేసిన గడి ఉంది. ఖాళీగా ఉంది. లోపలి పరీక్ష చేశారు, నొప్పి నాకు గుర్తుంది. చూసింది రాయలేదో, రాసేంతగా చూడలేదో తెలియదు. నాకు మూడు వచ్చిందా తొమ్మిది వచ్చిందా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే నేను ఏమని చెప్పేదాన్నో ఇప్పుడు చెప్పలేను. చెప్పే అవకాశం మాత్రం ఉండేది.

మందు పెట్టారు. నొప్పులు రప్పించే మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాముల మాత్రను బ్లేడుతో కోసి ముక్కలు చేశారు. 25 ఇవ్వాలంటే ఎనిమిది ముక్కలు కావాలి. రెండు ముక్కలు పెద్దవి, ఒకటి పొడి అయిపోయింది, ఆ పొడిని కాగితం మీద నుంచి దులిపి ఇచ్చారు. 25 మైక్రోగ్రాముల మాత్రలే విడిగా తయారవుతున్నాయని తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు కూడా నోటి ద్వారా రెండు గంటలకోసారి 25. ఇది ఇంకో అర్జీకి సరిపడే విషయం కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మర్నాడు ఉమ్మనీటి సంచి చిట్లించి, నొప్పులు పెంచే మందు డ్రిప్ పెట్టారు. ఏడు గంటలు గడిచాక “మందు పనిచేయలేదు” అన్నారు. బిడ్డ గుండె చప్పుడు బాగుందని ఆ మాటకు పది నిమిషాల ముందే చెప్పారు. నాకు జ్వరం లేదు. తల్లీబిడ్డ బాగుంటే ఉమ్మనీరు పోయాక డ్రిప్ కనీసం 12 నుంచి 18 గంటలైనా నడిపి చూడకుండా విఫలమైందని తేల్చవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. నా ఏడు గంటలు ఎక్కడ, ఆ పన్నెండు ఎక్కడ? ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే గోడ గడియారం సాయంత్రం ఆరు చూపించింది. షిఫ్టు మారే వేళ. ఇంతకంటే ఏమీ అనను.

ఇంట్లో అందరూ ఒకటే మాట: “మొదటే పెద్దాపరేషన్ అని ఉంటే రెండు కష్టాలూ పడే పని ఉండేది కాదు.” రోజంతా నొప్పులు పడి ఆ తర్వాత కుట్లూ వేయించుకున్నదాన్ని, ఆ మాటను కాదనలేకపోయాను. మందు పెడితే చివరికి ఆపరేషనే అని కూడా అంటారు. అది మాత్రం నిజం కాదు. అమెరికాలో మొదటి కాన్పు, వేరే చిక్కులేవీ లేని 6,106 మంది గర్భిణుల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. 39వ వారంలో మందు పెట్టినవారిలో 18.6 శాతం మందికి, ఆగి చూసినవారిలో 22.2 శాతం మందికి సిజేరియన్ అయింది. ఇది మందు పెట్టడానికీ ఆగి చూడటానికీ మధ్య పోలిక. మందుకూ ముందే నిర్ణయించిన సిజేరియన్‌కూ మధ్య కాదు. ఈ తేడా కూడా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. నేను అర్ధరాత్రి బిడ్డకు పాలిస్తూ ఒంటిచేత్తో ఫోనులో వెతుక్కుని తెలుసుకున్నాను.

నేను సిజేరియన్‌కు వ్యతిరేకిని కాను. నా పక్క మంచం ఆవిడకు మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉంది. ఆమెకు ఇంకో దారి లేదు, ఆపరేషనే ప్రాణం నిలిపింది. ఆ అవతలి మంచం అమ్మాయికి అలాంటిదేమీ లేదు. నొప్పులంటే భయమని ఆపరేషన్ అడిగింది, చేశారు. భయపడటం తప్పు కాదు, అడగటమూ తప్పు కాదు. కానీ ఆ అమ్మాయి నలుగురు పిల్లలు కావాలని నవ్వుతూ చెప్పింది. సిజేరియన్లు పెరిగేకొద్దీ తర్వాతి గర్భాల్లో మాయ పాత కోత దగ్గర గర్భసంచి గోడలోకి పాతుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. మాయ కిందికి ఉన్నవారిలో మొదటి సిజేరియన్ నాటికి 3 శాతం, రెండో దానికి 11, మూడో దానికి 40 అని 2006 నాటి ఒక పెద్ద అధ్యయనం లెక్క. ఎంతమంది పిల్లలు కావాలి అన్న ప్రశ్న ఆమెను డాక్టరు అడగలేదు, నేను అడిగాను. అది కూడా కుట్లు వేసిన మూడో రోజున, ఊసుపోక.

మూడో అర్జీ ముగిశాక ఒక పెద్ద డాక్టరు గారు నాతో ఫోనులో మాట్లాడారు. మర్యాదస్తులు. “అన్నీ చెబితే భయపడతారమ్మా, అందరూ ఆపరేషనే అడుగుతారు” అన్నారు. అచ్చంగా ఇదే వాదన బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాంట్‌గోమరీ కేసు, 2015 తీర్పు. మధుమేహం ఉన్న తల్లి. బిడ్డ భుజాలు ఇరుక్కునే ప్రమాదం అలాంటివారికి 9 నుంచి 10 శాతం. చెబితే సిజేరియన్ అడుగుతారని డాక్టరు ఆమెకు చెప్పలేదు, బిడ్డకు జరగరాని నష్టం జరిగింది. చెప్పి తీరాల్సిందేనని కోర్టు తేల్చింది. భయపడతామో లేదో మేం చూసుకుంటాం, మంత్రి గారూ. చెప్పకపోతే భయం పోతుందని మీకు ఎవరు చెప్పారు?

మీ మొదటి జవాబులో ‘అనవసర సిజేరియన్లను తగ్గించడమే శాఖ ధ్యేయం’ అని కూడా ఒక వాక్యం ఉంది. ధ్యేయం బాగుంది. సిజేరియన్లను పది వర్గాలుగా లెక్కపెట్టే రాబ్సన్ పట్టిక అన్ని ఆసుపత్రుల్లో వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సూచించింది. అందులో రెండో వర్గానికి రెండు భాగాలున్నాయి: మొదటి కాన్పుకు మందు పెట్టినవారు ఒకటి, నొప్పులు రాకముందే సిజేరియన్ అయినవారు ఒకటి. నేను మొదటి భాగంలో ఒక అంకెను. నాలాంటివారిలో ఎందరికి చివరికి కోత పడింది, ఎన్ని గంటలు ఆగి చూశారు, ఎన్ని షీట్లలో ఆ గడి ఖాళీ? ఆసుపత్రుల వారీగా బయటపెట్టండి. పేర్లు అక్కర్లేదు. అంకెలు చాలు.

అడిగేది కొత్తదేమీ కాదు. ఆ పత్రం ఇవ్వండి. రాత్రి తొమ్మిదింటికి కాదు, 36వ వారంలో ఇవ్వండి. రెండు సంతకాలు ఒకేసారి తీసుకోవడం ఆపించండి. ఆ గడి నింపించండి, నింపాక ఆ అంకె ఏమిటో దాని సొంతదారుకు చెప్పించండి. కూర్చుని మాట్లాడటానికి డాక్టరుకు ఒక కుర్చీ, ఒక పావుగంట దొరికేలా చూడండి. మీరు చూడకపోతే ఇంకెవరు చూస్తారు? మళ్లీ చెబుతున్నాను, ఆ పత్రం ఇవ్వండి.

మా చెల్లికి ఇప్పుడు 37వ వారం. పోయిన వారం పరీక్షకు వెళ్లింది, ఏ కాగితమూ ఇవ్వలేదు. అందుకని నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి నేనే రాసిచ్చాను. ఆ అయిదు మార్కులు ఎంత, మందు ఏ రకం, ఎన్ని గంటలు ఆగుతారు, ఎప్పుడు ఆపుతారు, సిజేరియన్ అయితే తర్వాతి కాన్పు సంగతేమిటి అని వరుసగా తొమ్మిది ప్రశ్నలు. నిన్న దాన్ని డాక్టరు ముందు పెడితే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎక్కడ ఇస్తున్నారు?” అని అడిగారట. ఇంకో గర్భిణికి కూడా చూపించాలని నకలు తీయించుకున్నారట.

ఆ పేజీని ఈ లేఖకు జతచేస్తున్నాను. అచ్చు వేయించుకోవడానికి నా అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
మీ దస్త్రాల ప్రకారం సమస్య పరిష్కారమైన ఒక తల్లి