నీళ్ల వాసనకి మెంబ్రేన్ మార్చమంటున్న కస్టమర్లకి

ఎండలు ముదిరినప్పటి నుంచి మా వాటర్ ఫిల్టర్ షాపుకి వచ్చే ఫోన్లన్నీ ఒకటే పాట. "నీళ్లు మట్టివాసన వస్తున్నాయండీ, మెంబ్రేన్ పోయినట్టుంది, మనిషిని పంపండి." విజయవాడలో సత్యనారాయణపురం, పటమట, భవానీపురం, అన్ని వైపుల నుంచీ ఇదే. మెంబ్రేన్ అంటే ఆర్‌ఓ మిషన్లో నీళ్లలోని ఉప్పుల్ని వడగట్టే పొర. అది అమ్మితే నాకు లాభమే, కానీ ఆ వాసన దానివల్ల వచ్చింది కాదు.

వేసవిలో నదిలో పారకం తగ్గి రిజర్వాయర్లలో, బ్యారేజీల వెనక నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి, పైనీళ్లు వేడెక్కుతాయి, పొలాల ఎరువులూ ఊళ్ల మురుగూ ఎలాగూ కలుస్తూనే ఉంటాయి, నాచుకి ఇంకేం కావాలి? అందులో నీలి ఆకుపచ్చ నాచు రకాలు కొన్ని జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరికి నేల నుంచి వచ్చే వాసన కూడా దానిదే. లీటరుకి 10 నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. అంత కొద్ది మోతాదులో జియోస్మిన్ వల్ల ఆరోగ్యానికి హాని లేదు, తాగబుద్ధి కాదు, అంతే.

ట్రీట్‌మెంట్ ప్లాంట్లకి మాత్రం ఈ సీజన్ నరకం. పగలు నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటే పీహెచ్ పెరుగుతుంది, అంటే నీళ్లు క్షారంగా మారతాయి, పటిక సరిగ్గా పనిచేయదు, ఇసుక ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతుంటే మాటిమాటికీ కడగాలి. క్లోరిన్ దట్టిస్తే పోదా అని అడుగుతారు. జియోస్మిన్ దానికి లొంగదు, పైగా క్లోరిన్ మొదట్లోనే వేస్తే నాచు కణాలు పగిలి లోపలిదంతా నీళ్లలోకి వస్తుంది, కొన్ని రకాల్లో ఉండే మైక్రోసిస్టిన్ అనే విషంతో సహా. (పచ్చటి తెట్టు కట్టిన కాలువ నీళ్లు కాచుకుని తాగుదాంలే అనుకోకండి, మరిగించినా ఆ విషం పోదు.)

ఇక మన మిషన్ల సంగతి. యూవీ లైటు క్రిముల్ని చంపుతుంది గానీ వాసన తీయదు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలుస్తుంది, దానికి వాసన తెలియదు, కాబట్టి మీటరు 80 చూపిస్తోంది కదా అని నాతో వాదించి లాభం లేదు. ఇళ్లలో వాసనని పట్టేది ముఖ్యంగా కార్బన్ ఫిల్టర్, అది నిండిపోయాక వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది. మొన్న ఒకరింట్లో బాల్కనీలో ఎండ పడేచోట ప్రీఫిల్టర్ (మిషన్‌కి ముందు మట్టిని ఆపే ఫిల్టర్) బిగించి ఉంది. పారదర్శక గిన్నె లోపల తెల్లగా ఉండాల్సిన స్పన్ (మట్టిని పట్టే దూది లాంటి గొట్టం) పాలకూర రంగుకొచ్చింది, వేలితో గీస్తే జిగురు. అక్కడ నాచు రిజర్వాయర్ నుంచి రానక్కర్లేదు, ఇంట్లోనే పండుతోంది. గిన్నెని నీడకి మార్చండి, లేదా నల్లటి గుడ్డ చుట్టండి. మిద్దె మీద ట్యాంకు మూత కూడా చూసుకోండి.

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఉన్నవాళ్లకి ఏడాదికి ఒక కార్బన్ ఉచితం. ఈ వేసవిలో రెండోది అవసరమైతే సరుకు ఖరీదే తీసుకుంటాను, సర్వీస్ చార్జీ ఉండదు. కొత్త ఆర్‌ఓ కోసం వచ్చేవాళ్లు ముందు కుళాయి నీళ్లు సీసాలో పట్టి తీసుకురండి, టీడీఎస్ 500 లోపుంటే, వేరే సమస్య లేకపోతే, ఆర్‌ఓ అమ్మను, కార్బనూ యూవీ ఉన్నది చాలు. దీనికి మా తమ్ముడు నన్ను రోజూ తిడుతున్నాడనుకోండి.

ఫోన్ చేసేముందు చిన్న పరీక్ష: కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసులో పట్టి వాసన చూడండి. ఫ్రిజ్ నీళ్లు వద్దు, చల్లదనంలో వాసన తెలియదు. రెండూ ఒకేలా మట్టివాసన వస్తుంటే కార్బన్ అయిపోయినట్టే, వాట్సాప్‌లో మిషన్ ఫొటో పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం దాకానే షాపు.