విమాన తీగల తనిఖీకి మన యువతను సిద్ధం చేయాలి

సంపాదకుని గారికి,

మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం ఆమోదం తెలిపినప్పటి నుంచి మా ఓరుగల్లులో చర్చంతా భూసేకరణ, రన్‌వే పొడవుల చుట్టూనే సాగుతోంది. విమానం లోపలి విద్యుత్ తీగల భద్రత గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలని కోరుతున్నాను.

1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవాకు బయలుదేరిన స్విస్‌ఎయిర్ 111 విమానంలో, కాక్‌పిట్ పైకప్పు వెనుక తీగల వద్ద ఎగిసిన నిప్పురవ్వే పక్కనున్న ఇన్సులేషన్ పొరను అంటించి ఉంటుందని కెనడా దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ ప్రమాదంలో విమానంలోని 229 మందీ మరణించారు.

ఎడతెగని ప్రకంపనలకు తీగ బిగింపు పట్టీకి రాసుకుని పైపొర అరుగుతుంది, తేమకు కనెక్టర్లు తుప్పు పడతాయి, తీగల కట్టల మధ్య పేరుకున్న దుమ్ము, నూలుపోగులు నిప్పును అందుకుంటాయి. అడపాదడపా వచ్చే ఇలాంటి రవ్వకు మామూలు సర్క్యూట్ బ్రేకర్ పడిపోయి కరెంటును ఆపకపోవచ్చు కూడా. అందువల్లనే ప్యానెళ్లు విప్పి, టార్చి వేసి, అద్దం సాయంతో మూలమూలా పరిశీలించే నిపుణుడి కన్ను అత్యవసరం. ఆ పనిని సమయాభావం పేరుతో కుదించడం క్షమించరానిదని నా అభిప్రాయం.

వరంగల్‌లోని పాలిటెక్నిక్, ఐటీఐలలో డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలకు అనుగుణంగా ఈ తనిఖీ శిక్షణను ప్రవేశపెట్టే విషయాన్ని రాష్ట్ర ప్రభుత్వం పరిశీలించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ