నిమ్మాకు నూనె సీసా మీద ఏ చెట్టు ఆకో, ఎలా వాడాలో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

పొదలకూరు దగ్గర మాకు రెండెకరాల నిమ్మతోట ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆ ఆకుల మధ్యే తిరుగుతున్నాను. పోయిన నెల దోమలు కుట్టకుండా ఉంటాయని, బజార్లో కొన్న ‘నిమ్మాకు నూనె’ మా మనవరాలి చేతులకు నేనే రాశాను. తెల్లారేసరికి మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. నూనె నేరుగా రాయడం వల్లేనన్నారు డాక్టరు గారు. రెండు రాత్రులు పిల్లకు నిద్ర లేదు. సీసా తిప్పి తిప్పి చూశాను. సహజమైనదని పెద్ద అక్షరాలు ఉన్నాయి గానీ ఏ చెట్టు ఆకో, ఎలా వాడాలో ఒక్క ముక్క లేదు.

వ్యవసాయ కాలేజీలో చదివే మా అన్న కొడుకును కూర్చోబెట్టి అడిగాను. నిమ్మాకును ఎండకు ఎత్తి పట్టుకుంటే సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవే నూనె తిత్తులట. మన కాగితపు నిమ్మాకు నూనెలో లిమోనీన్‌తో పాటు సిట్రాల్ ఉంటుంది. ఇవి నూనెకు వాసననిచ్చే పదార్థాలు. నిమ్మగడ్డికి ఆ వాసన వచ్చేది కూడా సిట్రాల్ వల్లే. బత్తాయి ఆకులో సాబినీన్ అనే ఇంకో వాసన పదార్థం ఎక్కువ. అదే బత్తాయి తొక్క నూనెలో 90 శాతం పైన లిమోనీనే! ఒకే చెట్టు, ఆకుకు ఒక నూనె, తొక్కకు ఇంకో నూనె. అలాంటప్పుడు అన్నిటికీ కలిపి ‘నిమ్మ నూనె’ అని రాస్తే మాకేం తెలుస్తుంది?

సిట్రాల్ బూజును, కొన్ని రకాల బాక్టీరియాను ల్యాబులో అడ్డుకుంటుందన్నది నిజమే. కానీ కొందరి ఒంటికి అది పడదు. యూరప్‌లో సబ్బులు, క్రీముల్లో అది పరిమితి దాటితే పేరు విడిగా రాసి తీరాలి. మజ్జిగలో రెండాకులు తుంచి వేసుకోవడం వేరు, బుట్టెడు ఆకుల నూనె నాలుగు చుక్కల్లో తెచ్చి పసిపిల్లకు రాయడం వేరు.

అందుకే చెట్టు పేరు, ఆకా తొక్కా, సిట్రాల్ ఎంత, ఎన్ని చుక్కలు ఎంత కొబ్బరినూనెలో కలపాలి అన్నవి సీసా మీద తెలుగులో రాయించాలని అధికారులను కోరుతున్నాను. పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానం వాళ్లు మా తోటల ఆకులు కూడా పరీక్షించి అందులో ఏది ఎంత ఉందో చెప్పాలి. ఏటా మేం నీరుకొమ్మలు (కాపు లేకుండా ఏపుగా పెరిగేవి) కోసి గట్టు మీద తగలబెడుతున్నాం. పరీక్షకు ఎంత ఆకు కావాలన్నా నేనే కోసి తెచ్చిస్తాను.

– ఒక నిమ్మరైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా