రంగు వేసేముందు రోలర్లు చూడండి

అయ్యా,

పాత ఇనుప బ్రిడ్జికి వెండిరంగు పూయగానే మరమ్మతు అయిపోయిందనుకుంటాం. తుప్పు తన పని తాను ఆ రంగు చాటునే చేసుకుపోతుంది.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మీదుగా పోయే బెజవాడ–కటక్ రైలుమార్గం 1893–96 మధ్య పడింది. అదే మార్గంలో 1900లో పూర్తయిన రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన 1997 దాకా బళ్లను మోసింది. దాదాపు నూరేళ్ల ఆయుష్షు ఉక్కు చలవే కాదు, కనిపెట్టుకుని ఉన్న మరమ్మతు గ్యాంగుల చలవ కూడా.

ఇలాంటి వంతెనల్లో ఉండే ట్రస్ అంటే ఉక్కుకమ్మీలతో కట్టిన త్రిభుజాల అల్లిక. బండి ఎక్కితే పైకమ్మీ మీద నొక్కుడు, కిందికమ్మీ మీద లాగుడు. బరువంతా చివరికి స్తంభాల మీద ఆనుడుగా ఉండే బేరింగుల మీదికే దిగుతుంది. గర్డరు, అంటే స్తంభాల మధ్య పరిచిన వంతెన దూలాన్ని, ఒక చివర బిగించి, రెండో చివర రోలర్ల మీద వదులుతారు. 45 మీటర్ల గర్డరు వేడి 30 డిగ్రీలు పెరిగితే సుమారు 16 మిల్లీమీటర్లు సాగుతుంది మరి. రోలర్ల సందుల్లో ఇసుక, పిట్టల రెట్ట చేరి గ్రీజు గడ్డకట్టిందా, ఆ సాగుడు కిందనున్న బెడ్‌బ్లాకును, అంటే బేరింగు కూర్చునే రాతిదిమ్మను, తోస్తుంది. రాయి పగులుతుంది, బోల్టులు వంగుతాయి. పగులుకు సిమెంటు మెత్తి వెళ్లిపోతే వచ్చే వేసవికి మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. రాకపోకలు ఆపి, గర్డరు చివరను జాకీలతో లేపి, రోలర్లను కిరసనాయిలుతో కడిగి తాజా గ్రీజు పెట్టాలి.

ఉక్కుముక్కలను కలిపి బిగించే రివెట్లను పరీక్షించడానికి చిన్న సుత్తి చాలు. తలకు ఒకపక్క వేలు ఆనించి రెండోపక్క కొడితే, గట్టిది ఖంగుమంటుంది. వదులుది బొంగురుగా పలుకుతుంది, వేలికి అదురు తెలుస్తుంది. తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కారినా అనుమానించాల్సిందే. అలాంటిదాన్ని వెల్డింగుతో అతికించడం మాత్రం చేటు. ఆనాటి ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండొచ్చు. వెల్డింగు పక్కనే పెళుసుబారి చీలుతుంది. తల కోసేసి, రంధ్రం రీమరు అనే పనిముట్టుతో సాపుచేసి, హైటెన్సిల్ (ఎక్కువ బలమున్న ఉక్కు) బోల్టు బిగించాలి.

కమ్మీలు కలిసేచోట ఉండే గసెట్ ప్లేట్ల మందం కొలవడం మరవకూడదు. అమెరికాలోని మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న ట్రస్ వంతెన కూలి 13 మంది పోయారు. అంగుళం ఉండాల్సిన గసెట్లు డిజైన్‌లోనే అరంగుళం పడ్డాయి. మన ఉప్పుగాలికి మంచి ప్లేటు కూడా అరిగిపోవచ్చు. కిందికమ్మీలో నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడితే ఆ అరుగుడు మరీ త్వరగా వస్తుంది.

అందుకే రంగు టెండరులోనే రోలర్లు, రివెట్లు, రంధ్రాల పనిని కూడా కలపాలి. ఆ పని ముగిశాక వైర్‌బ్రష్‌తో మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమేట్ రెండు పూతలు వేసి, దానిపైన వెండిరంగు వేయించండి.

– ఒక పాఠకుడు, ఆమదాలవలస