చివరి బస్సు వేళ గురించి నగర రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మూడు వినతిపత్రాలు పంపాం, జవాబు లేదు. అందుకే ఇలా నలుగురి ముందు రాస్తున్నాను.

మా విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల తరగతులు రాత్రి 8 గంటలకు ముగుస్తాయి. చివరి బస్సు 7.40కే వెళ్లిపోతుంది. నిన్న దీపం లేని స్టాపులో ఒక విద్యార్థిని ఫోను వెలుతురులో వేళల పట్టిక చదువుకుంటోంది. ఆమె వెతుకుతున్న బస్సు ఎప్పుడో రద్దయింది. పట్టిక మాత్రం పదిలంగా ఉంది.

మీరేమో మరో పార్కింగ్ స్థలానికి అనుమతిచ్చారు. ఒక కారు నిలపడానికి, దారితో కలిపి, సుమారు 25 చదరపు మీటర్లు కావాలి. దాదాపు అంతే చోటులో ఆగే బస్సు నలభై మందిని దించి వెళ్లిపోతుంది.

రాత్రి 9.30 వరకు బస్సులు నడపండి, స్టాపులో దీపం పెట్టించండి. 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

భవదీయుడు,
ఒక అధ్యాపకుడు