అటక మీది ఎయిర్ గన్‌కు కావలసింది తోలు వాషరు, లావు స్ప్రింగు కాదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వస్తే అటకల మీది పాత ఎయిర్ గన్లు కిందికి దిగుతాయి. ఎప్పుడో తండ్రికో మేనమామకో చిన్నతనంలో కొనిచ్చినవి. పిల్లలు బ్యారెల్ మడిచి గుండు పెట్టి పేలిస్తే చప్పుడైతే వస్తుంది గానీ, పది అడుగుల దూరంలోని అట్టపెట్టెకు తగిలిన గుండు అక్కడే రాలిపోతుంది. ‘స్ప్రింగు చచ్చిపోయింది’ అని ఇంట్లోవాళ్లే తేల్చేసి రిపేరు షాపుకు తీసుకెళ్తారు. అక్కడ ఇంకా లావు స్ప్రింగు ఎక్కిస్తారు. నెలా రెండు నెలల్లో తుపాకీ పూర్తిగా మూలపడి పాత ఇనుము కింద తూకానికి పోతుంది. కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇది చూసీ చూసీ బాధేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ తుపాకుల్లో చాలావాటికి స్ప్రింగు బాగానే ఉంటుంది. ఎండిపోయింది పిస్టన్ మూతికి ఉన్న తోలు వాషరు.

సైకిల్ పంపు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పంపులో తోలు ఎండితే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు. ఎయిర్ గన్ లోపల ఉన్నదీ పంపే. బ్యారెల్ మడిచినప్పుడు పిస్టన్ వెనక్కి వెళ్లి స్ప్రింగు నొక్కుకుంటుంది, ట్రిగ్గర్ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే పిస్టన్ ఒక్కసారిగా ముందుకు దూకి సిలిండర్‌లోని గాలిని చిన్న రంధ్రం గుండా బ్యారెల్‌లోకి తోస్తుంది. గుండును తోసేది ఆ గాలే. వాషరు అంచు చుట్టూ గాలి జారిపోతుంటే ఎంత గట్టి స్ప్రింగు వేసినా లాభం లేదు. పైగా, పిస్టన్ వేగంగా వెళ్లి చివరి గోడకు గుద్దుకోకుండా ఆపే మెత్త కూడా ఆ గాలే. గుండు పెట్టకుండా ఉత్తి తుపాకీ పేల్చకూడదనడం అందుకే. అడ్డు లేక గాలి ముందే వెళ్లిపోతుంది, ఇనుము మీద ఇనుము పడుతుంది, వాషరు నలిగి స్ప్రింగు విరుగుతుంది.

విప్పే ముందు రెండు పరీక్షలు చేయండి. బ్యారెల్, సిలిండర్ కలిసే అతుకు మీద పలుచని టిష్యూ ముక్క ఆనించి, గుండు పెట్టి ఇసుక బస్తాలోకి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి అక్కడ పోతోందన్నమాట. అతుకులో ఉన్న చిన్న తోలు రింగు గానీ ఓ-రింగు (రబ్బరు రింగు) గానీ మార్చాలి. కొత్తది అంచు కంటే వెంట్రుక మందం పైకి ఉండాలి. మరీ పైకి ఉంటే బ్యారెల్ సరిగా మూసుకోదు. కాగితం కదలకపోయినా గుండు బలహీనంగానే వెళ్తుంటే తప్పు చాలావరకు పిస్టన్ వాషరుదే. అప్పుడు బ్యారెల్‌ను కొద్దిగా మాత్రమే, కొక్కెం పడకుండా తెరిచి, సిలిండర్ మూతిలోని రంధ్రంలో సిలికాన్ ఆయిల్ ఐదారు చుక్కలు వేసి, తుపాకీ మడమ (భుజానికి ఆనించే చెక్క చివర) కిందికి, బ్యారెల్ మూతి పైకి ఉండేలా రాత్రంతా గోడకు చేరవేసి ఉంచండి. ట్రెడ్‌మిల్ బెల్టుకు వేసే శుద్ధమైన సిలికాన్ ఆయిల్ సరిపోతుంది. తోలు పగలకుండా ఉత్తి ఎండుదనమే అయితే తెల్లారేసరికి సగం ప్రాణం వస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదలగొట్టే స్ప్రే, ఏది దొరికితే అది పోస్తారు. గాలి అంత వేగంగా నొక్కుకుంటే విపరీతంగా వేడెక్కుతుంది. మండే నూనె అక్కడ ఉంటే డీజిల్ ఇంజిన్‌లో మాదిరే అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, మూతి నుంచి పొగ. ‘ఇప్పుడు పవర్ వచ్చింది’ అని సంబరపడతారు గానీ, ఆ పేలుడు పిస్టన్‌ను వెనక్కి తంతుంది, వాషరు కాలుతుంది, స్ప్రింగు తునుగుతుంది. ఆముదం తోలును మెత్తబరిచే మాట నిజమే, కానీ తుపాకీలో జిగురు కడుతుంది.

చుక్కలకు లొంగకపోతే విప్పాలి. చెక్కకు ముందు భాగంలో రెండు వైపులా ఉన్న స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు స్క్రూలు తీస్తే లోపలి ఇనుము విడివడుతుంది. ఒక్కొక్కటి తీసే ముందు ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాతిది ప్రమాదమైన పని. స్ప్రింగు బిగింపులోనే ఉంటుంది. వెనకాల ఉన్న పిన్ను కొట్టేస్తే ట్రిగ్గర్ దిమ్మతో సహా రెండు మూడు అంగుళాలు బయటికి దూసుకొస్తుంది. ఛాతీకి ఆనించుకుని పిన్ను తీసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. వడ్రంగులు తలుపు రెక్కలు అతికించేటప్పుడు బిగించే పొడవాటి క్లాంపులో రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి తుపాకీని పట్టించండి. పిన్ను మీది బరువు తగ్గేదాకా బిగించి, అప్పుడు పిన్ను తీసి, క్లాంపును మెల్లగా వదలండి. లేత్ ఉన్నచోట వెనక టెయిల్‌స్టాక్‌తో ఇదే పని ఇంకా నిదానంగా చేయొచ్చు.

బయటికి తీసిన స్ప్రింగును కడప బండ మీద దొర్లించండి. నేరుగా దొర్లితే మంచిదే. ఎగురుతూ పోతే వంగింది, మార్చాలి. చివరి చుట్లలో విరుగు ఉందేమో వేలితో తడిమి చూడండి. మార్చాల్సి వస్తే తీగ మందం, బయటి వ్యాసం, చుట్ల లెక్క వెర్నియర్‌తో కొలిచి అదే కొలతది తెచ్చుకోవాలి. లావుది వేస్తే కొక్కెం మీద బరువు పెరిగి అది అరుగుతుంది, బ్యారెల్ మడవడం పిల్లల వల్ల కాదు. చట్టం సంగతీ ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం దాటని, గుండు శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కే లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము గుండు సెకనుకు 200 మీటర్లు వెళ్తే 10 జౌళ్లు. అదే గుండు 283 మీటర్లు వెళ్తే 20 జౌళ్లు. ఇంటి తుపాకీకి మొదటిదే ఎక్కువ.

వాషరు బజారులో దొరక్కపోతే చేసుకోవచ్చు. సైకిల్ పంపు వాషరు వేసి చూస్తారు కొందరు. అది చేతి ఒత్తిడికి సరిపోయే పలుచని తోలు, తుపాకీ దెబ్బకు చిరుగుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర అడుగుకు వాడే గట్టి తోలు, చెట్టు బెరడుతో ఊనినది (పదును చేసినది), మూడు నాలుగు మిల్లీమీటర్ల మందంది అడగండి. క్రోమ్ రసాయనంతో ఊనిన మెత్తటి తోలు పనికిరాదు. పిస్టన్ వ్యాసానికి రెండు అంచుల లోతు కలిపి గుండ్రంగా కోసి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. సిలిండర్ లోపలి వ్యాసమంత రంధ్రం ఉన్న గొట్టం ముక్కలోకి ఒక గుండ్రటి చెక్కతో దాన్ని నొక్కి, గిన్నె ఆకారం వచ్చాక అలాగే రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే ముడుచుకుపోతుంది. అంచు కోసి సమం చేసి, పశువుల కొవ్వు కరిగించి గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టించండి. పిస్టన్‌కు బిగించేటప్పుడు స్క్రూ తల తోలు మట్టానికి లోపలే ఉండాలి. ఒక పిసరు పైకి ఉన్నా ప్రతి దెబ్బకూ గోడను తాకుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త వాషరును చింపేది సిలిండర్ పొడవునా ఉన్న గాడి. దాని అంచులు కత్తిలా ఉంటాయి. 400 నంబరు ఎమెరీ కాగితంతో అంచులు చెరిపి, నీళ్ల సీసా ప్లాస్టిక్ ముక్క ఒకటి చుట్టలా లోపల పెట్టి దాని మీదుగా వాషరును జార్చండి. దాటాక ప్లాస్టిక్ లాగేయండి. అంతకుముందే సిలిండర్‌ను కర్రకు చుట్టిన గుడ్డతో కిరోసిన్ పెట్టి తుడిచి, పొడి గుడ్డతో వాసన పోయేదాకా మళ్లీ తుడవాలి, మిగిలిన కిరోసిన్ కూడా అంటుకుంటుంది. స్ప్రింగుకు, పిస్టన్ పక్కలకు ఆటో స్పేర్ల షాపుల్లో దొరికే నల్లటి మాలీ గ్రీజు పలుచగా రాయండి. వాషరు ముందుకు మాత్రం రాకూడదు. సిలికాన్ ఆయిల్ ఇనుము మీద ఇనుము రాపిడికి పనికిరాదు, అందుకే రెండూ వేరువేరు.

బ్యారెల్ కీలు బోల్టు వదులైతే గురి ఎప్పటికీ కుదరదు. తుపాకీ ఎక్కుపెట్టాక, అంటే బ్యారెల్ మడిచి కొక్కెం పడ్డాక, బ్యారెల్‌ను ఏ కోణంలో ఆపితే అక్కడే నిలబడేంత బిగువు ఉండాలి. బ్యారెల్ లోపల ఇనుప చువ్వ పోనివ్వకండి, మూతి అంచు దెబ్బతింటే గుండు పక్కకు పోతుంది. వలకు వాడే నైలాన్ దారానికి చిన్న నూలుగుడ్డ కట్టి వెనక నుంచి మూతి వైపు లాగండి. పెంచలకోన తిరనాళ్లలోనో, రొట్టెల పండగ దగ్గరో బుడగలు కొట్టించే తుపాకుల్లో ఇనుప బాణాలు వేస్తారు. వాటిని చూసి ఇంట్లో కూడా బాణాలు, సైకిల్ బాల్సు వేస్తే గుండును తిప్పుతూ పంపే బ్యారెల్ లోపలి గాట్లు అరిగిపోతాయి. సీసం గుళ్లే వాడాలి.

మన తీరం గాలికి తుప్పు తొందరగా పడుతుంది. 0000 నంబరు స్టీలు ఉన్నితో నూనె చుక్క వేసి రుద్దితే పై తుప్పు పోతుంది, ఇనుము మీది నీలం పూత చాలావరకు మిగులుతుంది. చెక్కకు పాత వార్నిష్ గీకేసి, ఉడికించిన అవిసె నూనె రోజుకో పూత చొప్పున ఐదారు పలుచని పూతలు పట్టించండి. ఆ నూనె గుడ్డలను కుప్పగా పడేయొద్దు, తమంతట తామే రాజుకుంటాయి. నీళ్లలో తడిపి పారేయండి. పగిలిన చెక్కకు అతుకు కావాలంటే, ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే చేతులున్న జిల్లా మనది.

అంతా బిగించాక కొక్కెం పట్టు చూడాలి. గుండు పెట్టి మూతి ఇసుక బస్తా వైపు ఉంచి, చెక్కను రబ్బరు సుత్తితో రెండు మూడు సార్లు తట్టండి. దానంతట అది పేలితే కొక్కెం అరిగింది, ఆ తుపాకీ పిల్లలకు ఇవ్వకూడదు. ఎక్కుపెట్టిన తుపాకీలో గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండాలి. కొక్కెం జారితే బ్యారెల్ ఎగిరి మూసుకుని వేలు తెగుతుంది. పిల్లలు గుళ్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటి తీస్తుంటారు. అది సీసం, విషం. డబ్బాలో పెట్టి ఇవ్వండి, ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

గురి పది మీటర్ల దూరంలో, పాత పేపర్లు కుక్కిన అట్టపెట్టె వెనక ఇసుక బస్తా పెట్టి కొట్టించండి. ఒలింపిక్స్‌లో 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ దూరం నుంచే. చిలుకల మీద, చెరువు కొంగల మీద పేల్చడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు రాజహంసలు వచ్చే ప్రాంతం మనది. తుపాకీ చేతికిచ్చే రోజే ఈ మాట పిల్లలకు చెప్పండి.

ఇట్లు,
ఒక లేత్ పనివాడు,
కావలి, నెల్లూరు జిల్లా